ప్లస్ సీ వెనుక గొలుసు: సొంతంగా కాలిక్యులస్ చదివేవారికి లెక్క ముందా, నిరూపణ ముందా?

సంక్షిప్తంగా: ఇంటర్ ఎంపీసీ చదివినవారికి కాలిక్యులస్‌లో లెక్క చేసే అలవాటు కావలసినంత ఉంటుంది. ఆ లెక్క ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు అన్నదే తెలియకుండా మిగిలిపోతుంది. నిరూపణలతో చదివితే ఆ లోటు తీరుతుంది, కానీ ఒంటరిగా చదివేవారికి తప్పు పట్టేవారు ఉండరు కాబట్టి పని నెమ్మదిగా సాగుతుంది. లెక్కే చేతికి రానివారు మాత్రం నేరుగా నిరూపణలు పట్టుకుంటే రెంటికీ చెడే ప్రమాదం ఉంది.

ప్రశ్న ఎవరిది

కాలిక్యులస్ పుస్తకాలు రెండు రకాలుగా దొరుకుతాయి. లెక్కల పుస్తకం లిమిట్ కనుక్కోమంటుంది, డెరివేటివ్ (మారే రేటు) తీయమంటుంది, ఇంటిగ్రేట్ చేసి జవాబు రాయమంటుంది. నిరూపణల పుస్తకం అసలు లిమిట్ అంటే ఏమిటో ముందు నిర్వచిస్తుంది, తర్వాత ప్రతి సూత్రాన్నీ ఆ నిర్వచనం నుంచే రాబడుతుంది. డిగ్రీలో రియల్ అనాలిసిస్ పేరుతో వచ్చే పేపర్ దాదాపు ఈ రెండో రకమే. కాలేజీలో ఉన్నంతకాలం ఏది ముందు అన్న ఎంపిక సిలబస్ చేసేస్తుంది. సొంతంగా చదివేటప్పుడే అది సమస్యగా మారుతుంది.

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న వేసుకునేవారంతా ఒకే రకం కాదు. బీఎస్సీ చదువుతూ ఎమ్మెస్సీ కోసం ఐఐటీ జామ్ రాయాలనుకునేవారు ఉన్నారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) ప్రవేశ పరీక్షకు ఇంటర్‌లోనే సిద్ధమయ్యేవారు ఉన్నారు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పని చేస్తూ మెషీన్ లెర్నింగ్ కోసం మరిచిపోయిన గణితాన్ని తిరగేస్తున్నవారూ ఉన్నారు. వీళ్లందరికీ ఇంటర్నెట్‌లో తరచూ ఎదురయ్యే సలహా ఒకటుంది: లెక్కల పుస్తకాలతో టైమ్ వేస్ట్ చేసుకోకుండా నేరుగా నిరూపణల పుస్తకం పట్టుకోమని. ఆ సలహా చాలావరకు అమెరికా విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని చెప్పింది. అక్కడ యూనివర్సిటీ మొదటి ఏడాదిలో కాలిక్యులస్‌ని తొలిసారి చూసేవారు చాలామంది. ఇక్కడ ఎంపీసీ విద్యార్థి ఆ వయసుకే స్టడీ అవర్లలో కూర్చుని గుట్టలకొద్దీ ఇంటిగ్రేషన్ లెక్కలు చేసి ఉంటారు. కాబట్టి ఆ సలహాను ఇక్కడివారు ఉన్నదున్నట్టు తీసుకోలేరు.

ఇంటర్ ఇచ్చేది, ఇవ్వనిది

తెలంగాణ ఇంటర్ గణితంలో లిమిట్స్, కంటిన్యుటీ, డిఫరెన్షియేషన్ మొదటి ఏడాది వన్-బీలో, ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రెండో ఏడాది టూ-బీలో వస్తాయి. రోల్ సిద్ధాంతం, లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం కూడా వన్-బీలోనే కనిపిస్తాయి. అవి పరీక్షలో వచ్చే తీరు గమనించదగ్గది. ఒక ప్రమేయం (ఫంక్షన్), ఒక అంతరం (ఇంటర్వల్) ఇచ్చి 'రోల్ సిద్ధాంతాన్ని సరిచూడండి' అంటారు. షరతులు వరసగా రాసి, డెరివేటివ్ సున్నా అయ్యే బిందువు కనుక్కుంటే మార్కులు పడతాయి. సిద్ధాంతం ఎందుకు నిజం, అందులో ఒక షరతు తీసేస్తే ఏమవుతుంది అన్న జోలికి పోనవసరం లేదు.

ఎంట్రన్స్ దీన్ని ఇంకా బిగిస్తుంది. ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్‌లో 180 నిమిషాలకు 160 బిట్లు, వాటిలో 80 గణితానివే. బిట్‌కు సగటున 67 సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు. ఆ వేగంలో షరతులు చూసుకుంటూ కూర్చునేవారు వెనకబడతారు. ఆప్షన్లలో విలువలు పెట్టి చూడటం, సున్నా బై సున్నా కనిపించగానే పైనా కిందా డెరివేటివ్ తీసి లిమిట్ కనుక్కునే ఎల్-హాస్పిటల్ రూల్ కొట్టడం ఆ పరీక్ష వరకు తెలివైన పనే. దీనికి భిన్నంగా ఐఎస్ఐ బీస్టాట్, బీమ్యాథ్ ప్రవేశ పరీక్షలో ఏళ్లుగా రెండు పేపర్లు ఉంటున్నాయి. ఒకటి ఆబ్జెక్టివ్, రెండోది వివరంగా రాయాల్సింది. ఆ రెండో పేపర్‌లో ఎనిమిది ప్రశ్నలకు రెండు గంటలు, అంటే ఒక్కోదానికి పావుగంట. ఒకే కాలిక్యులస్ మీద ఒకరు 67 సెకన్ల చూపుకు, ఇంకొకరు పావుగంట ఆలోచనకు అలవాటు పడతారు.

అలాగని ఇంటర్ చదువును బట్టీ అని తీసిపారేయడం సరికాదు. పార్షియల్ ఫ్రాక్షన్స్, సబ్‌స్టిట్యూషన్, త్రికోణమితి సూత్రాలు చేతివేళ్ల మీద ఉండటం చిన్న ఆస్తి కాదు. నిరూపణల పుస్తకాల్లోని లెక్కలు ఇవన్నీ వచ్చనుకునే సాగుతాయి.

ప్లస్ సీ ఎందుకు సరిపోతుంది

రెండు దారుల తేడా ఎక్కడుందో చూడాలంటే ప్లస్ సీ కంటే మంచి చోటు లేదు. ఇంటిగ్రేషన్ జవాబు చివర ప్లస్ సీ రాయకపోతే మార్కు పోతుందని ఇంటర్ విద్యార్థి ప్రతి ఒక్కరికీ తెలుసు. డెరివేటివ్ తీస్తే స్థిరాంకం పోతుంది కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు దాన్ని కలపాలి అని కారణం కూడా చెబుతారు. అయితే అది సగం కారణమే. స్థిరాంకం కలిపితే జవాబు చెడదని మాత్రమే దానివల్ల తెలుస్తుంది. స్థిరాంకం తప్ప ఇంకేదీ కలిసే వీలు లేదని ఎలా తెలుసు? ఒకే డెరివేటివ్ ఉన్న రెండు ప్రమేయాల తేడా తప్పనిసరిగా స్థిరాంకమే అవ్వాలి. మరోలా చెప్పాలంటే, డెరివేటివ్ అన్నిచోట్లా సున్నా అయితే ప్రమేయం కదలకుండా ఉండాలి.

ఇది చూడగానే నిజమనిపిస్తుంది. వేగం ఎప్పుడూ సున్నా అయితే బండి కదలదు కదా అని ఎవరైనా అంటారు. కానీ నిరూపించబోతే వెనుక పెద్ద గొలుసే బయటపడుతుంది. ఈ ఫలితం లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం (ప్రయాణంలో ఎక్కడో ఒకచోట క్షణపు వేగం సగటు వేగానికి సమానమవుతుందన్నది) నుంచి వస్తుంది. అది రోల్ సిద్ధాంతం (రెండు చివరలా ఒకే విలువ ఉంటే మధ్యలో ఎక్కడో డెరివేటివ్ సున్నా అవుతుందన్నది) నుంచి వస్తుంది. రోల్ సిద్ధాంతానికి, సంవృత అంతరంలో (రెండు చివరలూ కలిసిన అంతరంలో) అవిచ్ఛిన్న (కంటిన్యువస్) ప్రమేయం తన గరిష్ఠ విలువను ఎక్కడో ఒకచోట తప్పక అందుకుంటుందన్న ఫలితం కావాలి. దానికి ఆధారం వాస్తవ సంఖ్యల రేఖ మీద ఖాళీలు లేవన్న ధర్మం. గొలుసు అక్కడ ఆగుతుంది.

ఆ చివరి లంకె నిజంగా అవసరమా అన్న అనుమానం సహజం. అకరణీయ సంఖ్యలు (భిన్నాలుగా రాయగలిగేవి) మాత్రమే ఉన్న లోకాన్ని ఊహించుకుంటే దానికి సమాధానం దొరుకుతుంది. స్క్వేర్ చేస్తే 2 కన్నా తక్కువ వచ్చే సంఖ్యల దగ్గర విలువ 0, ఎక్కువ వచ్చే వాటి దగ్గర విలువ 1 అని ఒక ప్రమేయం తీసుకోండి. స్క్వేర్ చేస్తే సరిగ్గా 2 వచ్చే అకరణీయ సంఖ్య లేదు కాబట్టి ఏ బిందువూ మిగిలిపోదు. ప్రతి బిందువు దగ్గరా, దాని చుట్టుపక్కల కొంతమేర ప్రమేయం కదలదు. అంటే డెరివేటివ్ అన్నిచోట్లా సున్నా. అయినా ప్రమేయం 0 నుంచి 1కి దూకింది. రూట్ 2 ఉండాల్సిన చోట ఖాళీ ఉంది, దూకడం ఆ ఖాళీలో జరిగింది. కాబట్టి నోట్‌బుక్‌లో రాసే ప్లస్ సీ రూట్ 2 లాంటి సంఖ్యలు రేఖ మీద ఉన్నాయన్న భరోసా మీద నిలబడి ఉంది. జర్మన్ గణితవేత్త డెడెకిండ్ 1858లో జూరిచ్‌లో కాలిక్యులస్ పాఠాలు చెబుతూ సరిగ్గా ఈ పునాది కోసమే వెతికాడు. తనకు దొరికిన సమాధానాన్ని 1872లో ప్రచురించాడు.

వాస్తవ సంఖ్యల్లో కూడా అజాగ్రత్త కుదరదు. 1 బై ఎక్స్ ఇంటిగ్రల్‌కి లాగ్ మాడ్ ఎక్స్ ప్లస్ సీ అని రాస్తారు. కానీ ఎక్స్ ధనాత్మకమైన వైపు లాగ్‌కి 5 కలిపి, రుణాత్మకమైన వైపు 17 కలిపినా డెరివేటివ్ 1 బై ఎక్స్ అనే వస్తుంది. సున్నా దగ్గర రేఖ తెగింది కాబట్టి రెండు ముక్కలకు రెండు వేర్వేరు స్థిరాంకాలు వస్తాయి. 'ఒకే సీ' అన్న అలవాటు ఇక్కడ తప్పు.

షరతులు మరిస్తే వచ్చే తప్పులు ఇంతకన్నా మొరటుగానూ ఉంటాయి. మైనస్ 1 నుంచి 1 వరకు 1 బై ఎక్స్ స్క్వేర్‌ని ఫార్ములా ప్రకారం ఇంటిగ్రేట్ చేస్తే మైనస్ 2 వస్తుంది. ఎక్కడా రుణాత్మకం కాని ప్రమేయం కింద వైశాల్యం మైనస్‌లో రావడం అసాధ్యం. మధ్యలో సున్నా దగ్గర ప్రమేయం అనంతానికి పోతోంది, ఫార్ములా షరతు అక్కడ విరిగింది. ఎల్-హాస్పిటల్ రూల్‌తోనూ ఇంతే. ఎక్స్ ప్లస్ సైన్ ఎక్స్‌ని ఎక్స్‌తో భాగించి, ఎక్స్‌ని అనంతానికి పంపితే లిమిట్ 1 అని సులువుగా తెలుస్తుంది. రూల్ వాడితే 1 ప్లస్ కాస్ ఎక్స్ మిగులుతుంది, దానికి లిమిట్ లేదు. డెరివేటివ్‌ల నిష్పత్తికి లిమిట్ ఉంటేనే ఆ రూల్ మాట్లాడుతుంది, లేకపోతే అది ఏమీ చెప్పదు. సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్‌ని ఇదే రూల్‌తో తేల్చేవారు ఇంకో చిక్కులో పడతారు: సైన్ డెరివేటివ్ కాస్ అని రాబట్టడానికే ఆ లిమిట్ ముందు తెలియాలి.

చరిత్రలో లెక్కే ముందు నడిచింది

న్యూటన్, లైబ్నిజ్ పదిహేడో శతాబ్దంలో కాలిక్యులస్‌కి రూపం ఇచ్చినప్పుడు లిమిట్‌కి నిర్వచనం లేదు. 1734లో బిషప్ బర్క్‌లీ ఈ లోపాన్ని ఎత్తిచూపి వెక్కిరించాడు. అయినా లెక్కలు ఆగలేదు, జవాబులు చాలావరకు సరిగ్గానే వచ్చాయి. కోషీ 1821లో పునాదులు సర్దడం మొదలుపెట్టాడు. ఆ ప్రయత్నంలోనే అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే (ఒక విలువ వైపు చేరుతూ పోతే) దాని మొత్తం కూడా అవిచ్ఛిన్నమే అని రాశాడు. 1826లో ఆబెల్ దానికి మినహాయింపు చూపించాడు. ఎక్కడా డెరివేటివ్ లేని అవిచ్ఛిన్న ప్రమేయాన్ని వైర్‌స్ట్రాస్ 1872లో బెర్లిన్ అకాడమీ ముందు పెట్టేసరికి బొమ్మ గీసి నమ్మే కాలం ముగిసింది.

దీని నుంచి కొందరు 'లెక్క ముందు, నిరూపణ తర్వాత అన్నదే సహజ క్రమం' అని తేలుస్తారు. ఆ వాదనలో కొంత నిజముంది, కానీ చరిత్ర అంత తిన్నగా లేదు. కేరళలో 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాష, అనంత శ్రేణుల ఫలితాలతో పాటు అవి ఎలా వచ్చాయో కూడా వివరిస్తుంది. మన దగ్గర సూత్రాలే తప్ప యుక్తులు లేవనే మాటకు అది గట్టి జవాబు.

సొంత చదువు మాట వస్తే రామానుజన్ పేరు రాకుండా ఉండదు. నిరూపణలు పెద్దగా లేని ఫలితాల సంకలనం చదివి అంతటివాడయ్యాడు కదా అంటారు. ఆయన 1913లో ఇంగ్లండ్ గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరాల్లో ప్రైమ్ సంఖ్యల గురించి చెప్పిన ఫలితాలు తప్పాయన్నది కూడా ఆ కథలో భాగమే. కాంప్లెక్స్ ప్రమేయాల సిద్ధాంతం అప్పటికి ఆయనకు అందకపోవడమే దానికి కారణమని హార్డీ తర్వాత వివరించాడు.

సమానం నుంచి తక్కువకు

ఎంపీసీలో మంచి మార్కులు వచ్చినవారు కూడా నిరూపణల పుస్తకం మొదటి అధ్యాయాల్లోనే ఆగిపోతుంటారు. తర్కం రాకపోవడమే కారణమని సాధారణంగా చెప్పే మాట. అంతకంటే దగ్గరి కారణం ఒకటుంది. లెక్కల కాలిక్యులస్ అంతా సమానం గుర్తు మీద నడుస్తుంది, నిరూపణల కాలిక్యులస్ 'కన్నా తక్కువ' గుర్తు మీద నడుస్తుంది.

ఎక్స్ 2కి దగ్గరైతే ఎక్స్ స్క్వేర్ 4కి దగ్గరవుతుందని నిరూపించాలనుకోండి. ఎదుటివారు ఎప్సిలాన్ అనే ఎంత చిన్న హద్దు ఇచ్చినా, ఎక్స్ 2 నుంచి డెల్టా దూరం లోపల ఉంటే ఎక్స్ స్క్వేర్ 4 నుంచి ఎప్సిలాన్ దూరం దాటదని చూపించే డెల్టాను మనం ఇవ్వాలి. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 అంటే ఎక్స్ మైనస్ 2, ఎక్స్ ప్లస్ 2ల లబ్ధం. ఎక్స్ 2 నుంచి ఒక యూనిట్ లోపలే ఉంటే ఎక్స్ ప్లస్ 2 విలువ 5 దాటదు. కాబట్టి 1, ఎప్సిలాన్ బై 5 ఈ రెండింటిలో చిన్నది డెల్టాగా సరిపోతుంది. ఎప్సిలాన్ 0.01 అయితే డెల్టా 0.002. పరీక్షించి చూస్తే 2.002 స్క్వేర్ 4.008004, హద్దు లోపలే ఉంది.

ఇంటర్ అలవాటు ఇక్కడ అడ్డుపడుతుంది. విద్యార్థి క్వాడ్రాటిక్ సాధించి, పని చేసే డెల్టాల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని కచ్చితంగా కనుక్కోబోతారు. అది తప్పు కాదు, అనవసరం. ఇక్కడ ఎవరూ అత్యుత్తమ డెల్టా అడగలేదు, పని చేసేది ఒక్కటి చాలు. 5 బదులు 100తో భాగించినా నిరూపణ చెక్కుచెదరదు. ఎక్కడ వదులుగా ఉండవచ్చో, ఎక్కడ ఉండకూడదో తెలియడమే ఈ చదువులో అసలు నైపుణ్యం. ఆప్షన్ల పరీక్షలో ఇలాంటి వదులుకు చోటే లేదు కాబట్టి అది కొత్తగా అలవడాలి. నిరూపణల పుస్తకం మొదలుపెట్టే ముందు కొన్ని వారాలు అసమానతల మీద, ముఖ్యంగా మాడ్యులస్‌తో వచ్చే త్రిభుజ అసమానత (మొత్తం మాడ్యులస్ విడివిడి మాడ్యులస్‌ల మొత్తాన్ని దాటదన్నది) మీద పెడితే ఆ సమయం వృథా కాదు.

దిద్దేవారు లేని చదువు

ఒంటరిగా చదివేవారికి రెండు దారుల మధ్య అతిపెద్ద తేడా విషయంలో కన్నా దిద్దుబాటులో ఉంది. ఇంటిగ్రేషన్ జవాబు సరైనదో కాదో తెలుసుకోవడానికి దాన్ని డిఫరెన్షియేట్ చేస్తే చాలు. పుస్తకం వెనుక కీ ఉంటుంది, ఫోన్‌లో యాప్ ఉంటుంది. నిరూపణకు ఇవేవీ సరిపోవు. ఒకే సిద్ధాంతానికి సరైన నిరూపణలు చాలా రూపాల్లో ఉంటాయి, తప్పు నిరూపణలు కూడా చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి. రాసినవారికి తమ నిరూపణ ఎప్పుడూ నమ్మశక్యంగానే కనిపిస్తుంది. సొంతంగా అనాలిసిస్ చదివి, పుస్తకం పూర్తయిందనుకున్న తర్వాత ఏ ప్రశ్నా రాయలేకపోవడానికి మూలం చాలాసార్లు ఇదే.

ఈ లోటును పూర్తిగా తీర్చలేకపోయినా తగ్గించే పద్ధతులు ఉన్నాయి. నిరూపణ రాశాక సిద్ధాంతంలోని ప్రతి షరతు ఎక్కడ వాడారో వేలు పెట్టి చూపించగలగాలి. ఒక షరతు ఎక్కడా వాడలేదంటే సాధారణంగా నిరూపణలో రంధ్రం ఉన్నట్టే. ఇంకా పదునైన పరీక్ష, అదే నిరూపణను తప్పు వాక్యానికి తగిలించి చూడటం. సంవృత అంతరంలో అవిచ్ఛిన్న ప్రమేయానికి గరిష్ఠ విలువ ఉంటుందని నిరూపించారనుకుందాం. 0, 1 మధ్య ఉన్న వివృత అంతరంలో 1 బై ఎక్స్ కూడా అవిచ్ఛిన్నమే, కానీ దానికి గరిష్ఠం లేదు. మీ నిరూపణ ఒక్క మాట మారకుండా దానికీ వర్తిస్తే అది తప్పు నిరూపణే.

ఇంకో తప్పు 'ప్రతి', 'ఏదో ఒకటి' అన్న మాటల వరసలో దొర్లుతుంది. ముందు బిందువు చెప్పి తర్వాత డెల్టా ఇవ్వడం వేరు, అన్ని బిందువులకూ పనికొచ్చే ఒకే డెల్టా ఇవ్వడం వేరు. 0, 1 మధ్య 1 బై ఎక్స్‌కి మొదటిది కుదురుతుంది, రెండోది కుదరదు. కోషీ 1821లో జారిపడింది కూడా ఇలాంటి తేడా దగ్గరే. ఈ జాతి తప్పుకు విద్యార్థి సిగ్గుపడనక్కర్లేదు.

చాట్‌బాట్లు ఈ సమీకరణాన్ని కొంత మార్చాయి, అనుకున్నంత మాత్రం కాదు. నిరూపణ రాసిపెట్టమంటే అవి రాస్తాయి, చేయాల్సిన కసరత్తు అక్కడితో పోతుంది. రాసినదాంట్లో లోపం ఉన్నా భాష నున్నగా సాగుతుంది కాబట్టి కొత్తవారికి కనిపించదు. సొంత నిరూపణ ఇచ్చి 'ఎక్కడ తప్పుందో వెతుకు' అని అడగడం కొంత నయం. లీన్ లాంటి ప్రూఫ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ ఇంకా నమ్మదగ్గది. ప్రతి అడుగునూ యంత్రం సరిచూస్తుంది, మొహమాటానికి ఒప్పుకోదు. కానీ దాని భాష నేర్చుకోవడమే ఒక కోర్సంత పని.

మనుషులు దొరికితే అన్నిటికన్నా మేలు. 1993 నుంచి నడుస్తున్న ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిబిరాలు డిగ్రీ, పీజీ గణిత విద్యార్థులకు ఈ దిద్దుబాటునే అందిస్తాయి. వాటిని మొదలుపెట్టిన ఎస్. కుమరేశన్ హైదరాబాద్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పని చేశారు. అక్కడ ఉపన్యాసం కన్నా ప్రశ్నలకే పెద్దపీట. అంత అవకాశం లేనివారికి బోర్డు ముందు నిలబడి ఇంకొకరికి వివరించడం కూడా ఉపయోగమే. వినేవారికి సబ్జెక్టు పూర్తిగా రాకపోయినా, 'ఇది ఎందుకు?' అని అడిగితే చాలు.

ఎవరికి ఏ వరస

ఎంపీసీ బాగా చదివి ఐఎస్ఐ, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ) లేదా గణితం ఎమ్మెస్సీ వైపు చూస్తున్నవారు ఇంకో లెక్కల పుస్తకం మొదటి పేజీ నుంచి చేయడంలో లాభం తక్కువ. వీరికి నిరూపణల పుస్తకమే సరి. అయితే ఐఐటీ జామ్ రాసేవారు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ పరీక్షలో నిరూపణ రాయమని అడగరు. ఏ వాక్యం ఎప్పుడూ నిజం, ఏది కొన్నిసార్లే నిజం అని తేల్చమంటారు. అందుకు నిరూపణలెంత ముఖ్యమో, వ్యతిరేక ఉదాహరణల సొంత చిట్టా అంత ముఖ్యం. ఎక్స్ స్క్వేర్ ఇంటూ సైన్ 1 బై ఎక్స్‌ని, సున్నా దగ్గర విలువ సున్నాగా తీసుకుంటే, దానికి సున్నా దగ్గర డెరివేటివ్ ఉంది, కానీ ఆ డెరివేటివ్ అక్కడ అవిచ్ఛిన్నం కాదు. ఫార్ములాతో డిఫరెన్షియేట్ చేసి లిమిట్ తీసేవారు డెరివేటివే లేదంటారు. ఇలాంటి పది ప్రమేయాలు చేతిలో ఉంటే చాలా ప్రశ్నలు విడిపోతాయి.

బైపీసీ, కామర్స్ నుంచి వచ్చి గణితం మొదలుపెట్టేవారి సంగతి వేరు. లబ్ధ సూత్రం, చైన్ రూల్ తడబడకుండా రానిదే ఎప్సిలాన్ దగ్గరికి వెళ్తే, అర్థం కానిది తర్కమా బీజగణితమా అన్నది కూడా తెలియదు. ముందు లెక్కలే చేయాలి. నిరూపణ రుచి కావాలంటే లీనియర్ ఆల్జీబ్రాలోనో, సంఖ్యా సిద్ధాంతంలోనో మొదలుపెట్టడం తేలిక. అక్కడి తొలి నిరూపణలు సమానం గుర్తుతోనే నడుస్తాయి. ఈ ప్రత్యామ్నాయం మీద చర్చ తక్కువగా జరుగుతోంది, జరగాల్సింది ఎక్కువ.

మెషీన్ లెర్నింగ్ కోసం చదివే ఉద్యోగులకు మొదటి అవసరం అనేక చలరాశుల కాలిక్యులస్, అదీ లెక్కల రూపంలో: పాక్షిక డెరివేటివ్‌లు, చైన్ రూల్, గ్రేడియంట్. న్యూరల్ నెట్‌వర్క్‌లలో వాడే రెలూ ప్రమేయానికి (రుణాత్మకాన్ని సున్నా చేసి, మిగతాదాన్ని అలాగే ఉంచేది) సున్నా దగ్గర డెరివేటివ్ లేదని తెలిసినా మోడల్ ఆగదు, పైటార్చ్ సాఫ్ట్‌వేర్ అక్కడ సున్నా అని తీసుకుని ముందుకు పోతుంది. నిరూపణ అవసరం పడేది మోడల్ ఎందుకు కుదురుకోవడం లేదో తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు. ఎక్స్ స్క్వేర్ మీద గ్రేడియంట్ డిసెంట్ (వాలు దిగే వైపు అడుగులు వేస్తూ కనిష్ఠం వెతికే పద్ధతి) నడిపి, లెర్నింగ్ రేట్ (అడుగు ఎంత పెద్దదో నిర్ణయించే సంఖ్య) 1 పెడితే 3 నుంచి మైనస్ 3కి, అక్కడి నుంచి మళ్లీ 3కి ఊగుతూనే ఉంటుంది. 1 కన్నా తక్కువ పెడితే సున్నాకి చేరుతుంది, ఎక్కువ పెడితే దూరమైపోతుంది. ఇంతవరకు కాగితం మీద లెక్కతోనే తెలుస్తుంది. మిగతా ప్రమేయాలకు హద్దు ఎంత అన్నదానికి సాధారణ ఫలితం ఉంది. డెరివేటివ్ మారే వేగం ఎల్ అనే సంఖ్యను దాటకపోతే, లెర్నింగ్ రేట్ 2 బై ఎల్ కన్నా తక్కువ ఉన్నంతకాలం, గ్రేడియంట్ సున్నా కాని ప్రతిచోటా అడుగు వేసినప్పుడల్లా విలువ తగ్గుతుంది. ఎక్స్ స్క్వేర్‌కి ఎల్ విలువ 2 కాబట్టి హద్దు 1 అని వచ్చింది. ఆ ఫలితం నిరూపణ ఒక పేజీకి మించదు. అందులో సగం త్రిభుజ అసమానత లాంటి అంచనాలు, మిగతా సగం వన్-బీలో సరిచూసి వదిలేసిన మధ్యమ మూల్య సిద్ధాంతం కుటుంబంలోవే.